చౌక టర్బో కిట్: కారుకు బలమా, ఇంజిన్‌కు ముప్పా?

వండూర్ జెట్టీ నుంచి జాలీబాయ్ వెళ్లిన పడవ తిరిగొచ్చే దాకా టాక్సీ డ్రైవర్లకు పెద్దగా పని ఉండదు. పర్యాటకులను దింపేసి చెట్ల నీడన ఎదురుచూస్తుంటారు. ఇటీవల నేను అక్కడికి వెళ్లినప్పుడు పడవకు అనుమతి దొరకలేదు. ఒడ్డునే ఉండిపోయాను. నన్ను తీసుకొచ్చిన కుర్రాడు ఫోన్ నా చేతికిచ్చాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చి అండమాన్‌లో స్థిరపడ్డాడట. ఇంట్లో మాట్లాడేది తెలుగే.

"అన్నా, నువ్వు ఫిజిక్స్ చదివానన్నావు కదా, ఇది చూడు. ముప్ఫై వేలకు టర్బో కిట్ అంట. బిగిస్తే బండి నలభై శాతం ఎక్కువ లాగుతాదంట. కొనమంటావా?"

అతనిది 1.2 లీటర్ల పెట్రోల్ కారు. బ్యాంకు వాయిదాలు ఇంకా రెండేళ్లు కట్టాలి. నలుగురు ప్రయాణికులు, సామాను, ఏసీతో శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) నుంచి వస్తుంటే ఎత్తుల మీద బండి మూలుగుతోందని అతని బాధ. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పేసరికి పడవ ఒడ్డుకు వచ్చేసింది.

టర్బో చేసే పని ఏమిటి?

1 కిలో పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కాబట్టి ఇంజిన్ శక్తికి అసలు హద్దు గాలి. పెట్రోల్ ఎంతైనా పోయవచ్చు, దానికి సరిపడా గాలి సిలిండర్‌లోకి వెళ్లాలి కదా. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులతో ఒక టర్బైన్‌ను తిప్పి, అదే ఇరుసుకున్న కంప్రెసర్‌తో గాలిని లోపలికి కుక్కితే? 1905లో స్విస్ ఇంజినీరు ఆల్‌ఫ్రెడ్ బూషీ పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇదే. నేటి టర్బోలన్నీ దాని వారసులే.

గాలి పలచగా ఉండే చోట దీని విలువ బాగా తెలుస్తుంది. 1918లో అమెరికాలో శాన్‌ఫోర్డ్ మాస్ బృందం టర్బో బిగించిన విమాన ఇంజిన్‌ను సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ పర్వతం మీదికి చేర్చి పరీక్షించింది ఇందుకే. లేహ్‌లో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. వండూర్ ఉన్నది సముద్రం ఒడ్డున. అక్కడి తేమ వల్ల ఆక్సిజన్ వాటా మూడు శాతం దాకా తగ్గవచ్చు గానీ, గాలికి కరువైతే లేదు.

పంకా అయితే లెక్కే తేలదు

ఆన్‌లైన్‌లో 'టర్బో' పేరుతో అమ్మేవి రెండు రకాలు. మొదటిది, ఎయిర్ ఫిల్టర్ గొట్టంలో పెట్టే చిన్న కరెంటు పంకా. దీని సంగతి తేల్చడానికి ఇంటర్మీడియట్ ఫిజిక్స్ చాలు. 1.2 లీటర్ల ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 50 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలి పీడనాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలంటే కంప్రెసర్‌కు దాదాపు 4 కిలోవాట్ల శక్తి కావాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అంత తీయాలంటే 300 ఆంపియర్లు దాటాలి. చిన్న కారు ఆల్టర్నేటర్ ఇచ్చేది అందులో మూడో వంతు కూడా ఉండదు. సన్నటి వైరుతో వచ్చే పంకా ఇంజిన్‌కు గాలి నింపకపోగా, దారికి అడ్డం పడుతుంది. సైలెన్సర్ చివర బిగించే ఈల సంగతి సరేసరి. అది శబ్దం తప్ప ఇంకేమీ ఇవ్వదు.

అసలు టర్బో వస్తే?

రెండో రకం నిజమైన టర్బోనే: టర్బైన్, కంప్రెసర్, గొట్టాలు, కొన్నిసార్లు ఇంటర్‌కూలర్. ఇది పనిచేయదని నేను అనను. పనిచేస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్ పంపు కొట్టిన వాళ్లందరికీ తెలిసిందే. 30 డిగ్రీల గాలిని ఒకటిన్నర రెట్ల పీడనానికి తెస్తే 85 డిగ్రీలు దాటుతుంది. టర్బో లేకుండా తయారైన పెట్రోల్ ఇంజిన్లలో కంప్రెషన్ నిష్పత్తి ఎక్కువగా ఉంటుంది. ముందే వేడెక్కిన, చిక్కబడిన గాలిని సిలిండర్ మళ్లీ అంతగా నొక్కితే, మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే పేలుతుంది. మెకానిక్‌లు 'నాకింగ్' అనేది దీన్నే. అదే పనిగా జరిగితే పిస్టన్ అంచులు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

కారు కంప్యూటర్ ఈసీయూ కూడా టర్బోను ఊహించి తయారైనది కాదు. దానికి తెలిసిన గాలి లెక్క మామూలు వాతావరణ పీడనం దాకానే. అంతకు మించి గాలి వస్తే ఎంత పెట్రోల్ చిమ్మాలో దానికి తెలియదు, ఇంజెక్టర్లకూ అంత సామర్థ్యం ఉండకపోవచ్చు. నాకింగ్‌ను పసిగట్టే సెన్సర్ ఉంటే స్పార్క్‌ను ఆలస్యం చేసి శక్తిని తగ్గిస్తుంది. అంటే డబ్బు పోసి తెచ్చిన బలాన్ని ఇంజినే వదిలేసుకుంటుంది.

ఇక తయారీ నాణ్యత. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. పెట్రోల్ కారులో దాని ఒక కొసన 900 డిగ్రీల వాయువులు, మధ్యలో వెంట్రుక కన్నా పలచటి నూనె పొర. నిమిషానికి లక్షన్నర చుట్లప్పుడు ఇరుసు నుంచి సెంటీమీటరు దూరంలో ఒక్క గ్రాము అదనపు బరువుంటే చాలు, 250 కిలోల బరువంత బలంతో ఇరుసును పక్కకు లాగుతుంది. పోత పోసిన చక్రాన్ని ఎంత సూక్ష్మంగా తూకం సరిచేయాలో దీన్నిబట్టి ఊహించండి. చౌక కిట్‌లో ధర తగ్గించేది ఎక్కువగా ఇలాంటి కంటికి కనిపించని చోటే.

పెద్ద కంపెనీకే తప్పలేదు

1962లో జనరల్ మోటార్స్ 'ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్' అనే టర్బో కారు తెచ్చింది. ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 10.25. నాకింగ్ రాకుండా నీరు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని చిమ్మే ఏర్పాటు చేశారు. యజమానులు ఆ ద్రవం నింపడం మరిచిపోయేవారు. ఫిర్యాదులు పెరిగాయి. 1963తో ఆ మోడల్ ఆగిపోయింది. చివరికి కంపెనీయే టర్బో తీసేసి కార్బ్యురేటర్ బిగించి ఇచ్చింది. సొంత ఇంజిన్‌కు సొంతంగా టర్బో తయారుచేసుకున్న సంస్థ పరిస్థితే అది. ఏ కారుకైనా సరిపోతుందని అమ్మే పెట్టె మీద ఎంత నమ్మకం పెట్టుకోగలం?

ఇప్పుడు కంపెనీ నుంచే టర్బోతో వచ్చే కార్లు సాఫీగా నడుస్తున్నాయంటే, వాటిలో పిస్టన్లు, కవాటాలు, నూనె దారులు, శీతలీకరణ, ఈసీయూ అన్నీ దానికి తగ్గట్టు తయారయ్యాయి గనుకే. అనుభవమున్న ట్యూనర్లు మామూలు కారునూ టర్బోకు మార్చగలరు. కానీ వాళ్ల చేతిలో కిట్ ధర మొత్తం ఖర్చులో చిన్న భాగమే.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. టాక్సీకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చిక్కు అదనం. బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదమూ ఉంది.

శిక్ష కొన్నవాడికే ఎందుకు పడాలన్నది నా అభ్యంతరం. సీఎన్‌జీ కిట్ బిగించాలంటే దానికి ఆమోదం ఉండాలి. ఇంజిన్ శక్తినే మార్చే టర్బో కిట్ మాత్రం ఒక్క క్లిక్‌తో ఇంటికొస్తుంది. 'నలభై శాతం ఎక్కువ శక్తి' అని రాసేవాళ్లను, ఏ ఇంజిన్ మీద, ఏ పరీక్షలో అని అడిగే బాధ్యత అమ్మే వేదికల మీద ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు.

ఆ కుర్రాడికి చివరగా చెప్పింది ఇది. ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్‌లు చూపించు. టైర్లలో గాలి సరిచూడు. క్లచ్ జారుతోందేమో, బ్రేకులు పట్టేస్తున్నాయేమో మెకానిక్‌ను అడుగు. నిటారు ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్క నిమిషం ఏసీ ఆపు. దాని కంప్రెసర్ మింగే రెండు మూడు కిలోవాట్లు చక్రాలకు దక్కుతాయి, పైసా ఖర్చు లేకుండా.

ఇంజిన్ పోతే పెద్ద విడిభాగాలు చెన్నై నుంచో విశాఖ నుంచో ఓడలో రావాలి. అవి వచ్చేదాకా బండి ఇంటి ముందే ఉంటుంది, వాయిదా మాత్రం ఆగదు. ఈ మాట అనగానే అతను ఫోన్ జేబులో పెట్టేశాడు. "సరే అన్నా, రేపు ఫిల్టర్ ఇప్పించి చూస్తాను" అన్నాడు.