ఆపిల్ బ్రాందీకి వయస్సే వన్నెయా?

మన ఇళ్లలో పాత బియ్యానికి ఎంతటి గౌరవమున్నదో, ఫ్రాన్సు దేశంలోని నార్మండీ ప్రాంతంలో పాత ఆపిల్ బ్రాందీకి అంతటి గౌరవమున్నది. దాని పేరు కాల్వడోస్. సీసాపై సంవత్సరాల సంఖ్య పెరిగిన కొలదీ సరుకు మేలైనదని కొనేవారి నమ్మకం. ధర కూడా ఆ నమ్మకం వెంటనే నడుస్తుంది. ఆ నమ్మకంలో నిజమెంతో తెలుసుకొనదలచినవారు మొదట ఆ పానీయం పుట్టుకను గమనించాలి.

నార్మండీ గ్రామప్రభువు గూబెర్‌విల్ 1553 నాటి తన దినచర్యలో ఆపిల్ సారాను ప్రస్తావించాడు. చేదు, తీపి, పులుపు ఆపిల్ రకాలను కలిపి రసం తీసి, పులియబెడితే సైడర్ అవుతుంది. అందులో ఆల్కహాలు సుమారు 5 శాతం. దానిని బట్టీపట్టి 70 శాతం దాకా తీవ్రత పెంచుతారు. అంటే ఒక్క లీటరు సారాకు పద్నాలుగు లీటర్ల సైడర్ అయినా కావాలి. 1942లో ప్రత్యేక గుర్తింపు పొందిన పేయిదోజ్ సీమలో రాగి బానలలో రెండుసార్లు బట్టీపట్టడం నియమం. 1997లో గుర్తింపు పొందిన దోంఫ్రోంతే సీమలో నిలువు గొట్టపు బట్టీలో ఒక్కసారే దించుతారు. అక్కడ ముడిసరుకులో కనీసం 30 శాతం బేరిపండ్లు ఉండాలి.

బట్టీనుండి దిగిన సారాకు రంగు ఉండదు. ఓక్ కర్ర పీపాలు దానికి రంగును, వగరును, వెనిల్లా పరిమళాన్ని ఇస్తాయి. కర్ర సందులగుండా చొరబడే గాలి కారాన్ని నెమ్మదింపజేసి, క్రొత్త వాసనలను పుట్టిస్తుంది. క్రొత్త పీపాలో ఎక్కువకాలం ఉంచితే కర్ర రుచి పండు రుచిని మింగివేస్తుంది. కనుక కొంతకాలానికి పాత పీపాలలోకి మారుస్తారు. ఈ లోగా ఏటా కొంత సరుకు ఆవిరైపోతుంది. దానిని వారు దేవదూతల వాటా అంటారు. ఏటికి 2 శాతమే పోయినా, 30 ఏండ్లలో సుమారు 45 శాతం హరించుకొనిపోతుంది. వేడి ఎక్కువైన బెంగళూరులో విస్కీ తయారుచేసేవారు ఏటా 10 శాతానికి పైబడిన నష్టాన్ని చెబుతారు. పాత సీసా ధరలో కంటికి కనబడని ఆ వాటా కూడా చేరి ఉన్నది.

కొనేవారు ఎరుగవలసిన సంగతులు మూడు. మొదటిది, సీసాపై 12 సంవత్సరాలని ఉంటే, అందులో కలిసిన సారాలన్నిటిలో మిక్కిలి చిన్నదాని వయస్సు అది. రెండవది, "ఆర్ దాజ్" అనే మాటకు వయస్సుకు అతీతమని అర్థమైనా, నియమం కోరేది కనీసం 6 సంవత్సరాలే. మూడవది, గాజుసీసాలో బ్రాందీ ముదరదు. 1970లో బట్టీపట్టి 1990లో సీసాకెత్తినది నేటికీ 20 ఏండ్లదే. కనుక బట్టీపట్టిన సంవత్సరంతోపాటు సీసాకెత్తిన సంవత్సరాన్ని కూడా చూడాలి.

ఇక రుచులు పోల్చే పద్ధతి. నాలుగేండ్లది, పదిహేనేండ్లది, ముప్పై ఏండ్లది మూడు గ్లాసులలో చెంచాడేసి పోసి, చిన్నదానితో మొదలుపెట్టాలి. మూతి సన్నగా ఉన్న గ్లాసు మేలు. కొంతసేపు గాలి తగలనిచ్చి, ముందు వాసన చూడాలి. మొదటిదానిలో అప్పుడే కోసిన ఆపిల్ తాజాదనం, నాలుకపై చురుకు కనబడతాయి. రెండవదానిలో ఉడికిన పండు, దాల్చినచెక్క, తేనె తలపునకు వస్తాయి. మూడవదానిలో అక్రోటు పప్పు, ఎండుపండ్లు, పాత కర్రపెట్టె వాసన ముందుకు వస్తాయి. అయితే ఆ ముప్పై ఏండ్ల దానిలో ఆపిల్ ఇంకా పలుకుతున్నదా? ఇదే అసలు పరీక్ష. పండు జాడ పోయి కర్ర వగరు మాత్రమే మిగిలితే, అది పీపాలో ఉండవలసిన కాలాన్ని మించి ఉన్నదని గ్రహించాలి. అటువంటి దానికంటె పదిహేనేండ్లదే మిన్న. ఏ వయస్సు బ్రాందీలోనైనా ఆల్కహాలు 40 శాతానికి తగ్గదు. పాతదైనంతమాత్రాన ఒంటికి హాని తగ్గదని మరువరాదు.

వయస్సుకు విలువ లేదని దీని భావం కాదు. ముప్పై ఏండ్ల సీసా వెనుక ఒక తరం వారి నిగ్రహమున్నది. తండ్రి పీపాకెత్తినదానిని అమ్ముకొనక ఆగితేనే కుమారుని చేతికి పాత సరుకు అందుతుంది. 1999 డిసెంబరులో వీచిన పెనుగాలికి దోంఫ్రోంతేలో ఎన్నో ముదురు బేరిచెట్లు కూలిపోయాయి. అటువంటి మహావృక్షాల స్థానంలో నేడు మొక్క నాటేవాడు దాని నిండు కాపును తాను చూడకపోవచ్చు. ఆ పండ్ల సారా పాతబడి రుచికెక్కేది మనుమల కాలానికే. అయినా నాటుతున్నారు. సీసాపైనున్న సంఖ్యకు అంతకంటె గొప్ప అర్థం లేదు.