బహుమతికి ముందు అనువాదం

కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ కథలకు 2025 మే నెలలో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చినప్పుడు తెలుగు పాఠకులూ సంతోషించారు. ఆ సంతోషం వెంటే, మన తెలుగుకెప్పుడన్న ప్రశ్నా వచ్చింది. 2022లో గీతాంజలిశ్రీ హిందీ నవల గెలిచినప్పుడూ ఇదే మాట అనుకున్నాం. ప్రశ్న న్యాయమైనదే. దాని జవాబు మాత్రం లండన్‌లో కన్నా గచ్చిబౌలిలోనే ఎక్కువ దొరుకుతుందని మా నమ్మకం.

అంతర్జాతీయ బహుమతి సాహిత్యానికి తుది తీర్పు కాదు. 1901లో తొలి సాహిత్య నోబెల్ సల్లీ ప్రుధోమ్‌కు ఇచ్చారు; టాల్‌స్టాయ్‌కి ఎన్నడూ ఇవ్వలేదు. లైంగిక దాడి ఆరోపణల దుమారంతో 2018 సాహిత్య నోబెల్ ప్రకటన వాయిదా పడింది. మరుసటేడు, సెర్బు నేతలను సమర్థించిన పీటర్ హాండ్కేని ఎంపిక చేసినందుకు బోస్నియాలోని స్రెబ్రెనీత్సా ఊచకోత బాధిత కుటుంబాలు నిరసించాయి. బుకర్ బహుమతిని పెట్టిన బుకర్ కంపెనీ సంపదకు కరీబియన్ ప్రాంతపు దోపిడీతో ఉన్న సంబంధాన్ని ఎత్తిచూపుతూ, 1972లో రచయిత జాన్ బెర్జర్ తనకొచ్చిన ఆ బహుమతిలో సగం బ్రిటన్‌లోని బ్లాక్ పాంథర్లకు ఇస్తానని ప్రకటించాడు. ఈ విమర్శలన్నీ నిలబడేవే.

అయినా ఇంటర్నేషనల్ బుకర్ ఒక గొప్ప మేలు చేసింది. 50,000 పౌండ్ల బహుమతిని రచయితకూ అనువాదకుడికీ సమానంగా పంచుతోంది. బాను ముష్తాక్ పక్కన దీపా భాస్తి, గీతాంజలిశ్రీ పక్కన డైసీ రాక్‌వెల్ నిలబడ్డారు. దాని పరిమితీ అక్కడే ఉంది. ఇంగ్లీషులోకి వచ్చి, బ్రిటన్‌లోనో ఐర్లండ్‌లోనో అచ్చయిన పుస్తకాన్నే అది చూస్తుంది. అక్కడిదాకా చేరని రచన ఎంత గొప్పదైనా న్యాయనిర్ణేతల చేతికి అందదు.

దక్షిణ కొరియా ఈ సంగతి మనకన్నా ముందే గ్రహించింది. ప్రభుత్వ నిధులతో అనువాదాల కోసమే ఒక సంస్థను నడుపుతోంది. డెబొరా స్మిత్ అనువదించిన హాన్ కాంగ్ నవలకు 2016లో ఇంటర్నేషనల్ బుకర్, 2024లో హాన్ కాంగ్‌కు నోబెల్ వచ్చాయి. ఆ అనువాదం మూలానికి ఎంత దూరం జరిగిందన్న వాదనా గట్టిగానే సాగింది. ఆ వాదన సాగాలన్నా ముందు అనువాదం ఉండాలి.

మనకేం తక్కువ? గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అనువాద అధ్యయన కేంద్రం ఉంది. ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతిక పరిశోధన సాగుతోంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పిన అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ కలిసి జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ నవలను ఇంగ్లీషులోకి తెచ్చారు. రాయదుర్గంలోని సత్వ నాలెడ్జ్ సిటీ 2024, 2025లలో హైదరాబాద్ సాహిత్యోత్సవానికి వేదికైంది. మనుషులున్నారు, వేదికలున్నాయి. అనువాదకుడు రెండేళ్లు నిశ్చింతగా కూర్చుని పనిచేసే వీలే లేదు.

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ ఖర్చుకు అర్హమైన పనుల జాబితాలో కళలూ సంస్కృతీ ఉన్నాయి. హైటెక్ సిటీ కంపెనీలు కొన్ని కలిసి తెలుగు అనువాద నిధి పెట్టాలని కోరుతున్నాం. ఏటా ఐదు పుస్తకాలు చాలు. అనువాదకుడికి గౌరవమైన ప్రతిఫలం, రెండు భాషలూ తెలిసిన సంపాదకుడు, విదేశీ ప్రచురణకర్తల దగ్గరకు పుస్తకాన్ని తీసుకెళ్లే మనిషి కావాలి. ఎంపిక సాహిత్యం తెలిసినవారి చేతుల్లో ఉండాలి. దళిత, ముస్లిం, ఆదివాసీ రచయితలకూ, స్త్రీలకూ అందులో చోటు దక్కాలి. పరాయి పాఠకుడికి ఏది రుచిస్తుందోనన్న లెక్క అక్కడికి రాకూడదు.

ఇంత చేసినా బహుమతి రాకపోవచ్చు. అయినా ఈ పని వృథా కాదు. ఇక్కడి కొండాపూర్ అపార్ట్‌మెంట్లలోనూ అమెరికాలోని డాలస్‌లోనూ తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు పెరుగుతున్నారు. తమ తాతముత్తాతల బతుకును వాళ్లు ఇంగ్లీషులోనైనా చదువుకోగలిగితే, పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం దక్కినట్టే.