‘తెలియదు’ అంటే కుదరదు

అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లు అమ్మేవారు కొనేవారికి ఒక పత్రం ఇవ్వాలి. ఇంట్లో సీసం కలిసిన రంగు ఉన్నట్టు తెలిస్తే అందులో చెప్పాలి, పాత పరీక్షల నివేదికలు ఉంటే జతచేయాలి. తెలియకపోతే ‘తెలియదు’ అన్న గడిలో టిక్కు పెడితే సరి. పరీక్ష చేయించమని 1992 నాటి ఫెడరల్ చట్టం అడగదు. ఆ టిక్కుకు ఇక కాలం చెల్లాలి. అమ్మేముందు పరీక్ష చేయించడం అమ్మేవారి బాధ్యత కావాలి.

పరీక్ష చేయిస్తే ఫలితం బయటపెట్టి తీరాలి. చేయించకపోతే చెప్పాల్సిందే లేదు. ఇక ఎవరు చేయిస్తారు? నిజం తెలుసుకున్నవారికి ధర తగ్గుతుంది, కళ్లు మూసుకున్నవారికి పూర్తి ధర దక్కుతుంది. కొనేవారు సొంతంగా పరీక్ష చేయించుకోవడానికి పది రోజుల గడువు ఉంది కానీ, దాన్ని వదులుకునే వీలూ అదే నిబంధనలో ఉంది. ఒక్క ఇంటికి పదిమంది పోటీపడే చోట గడువు అడిగే ధైర్యం ఎవరికుంటుంది? న్యూజెర్సీలో పాత ఇళ్లు కొనే తెలుగు కుటుంబాలకు ఈ ఒత్తిడి కొత్త కాదు.

ప్రమాదం ముఖ్యంగా పాత చెక్క కిటికీలో ఉంది. పైన ఎన్ని పూతలు పూసినా, రెక్కను ఎత్తి దించినప్పుడల్లా ఒరిపిడికి అడుగు పొరలు పొడిగా రాలుతాయి. చూడటానికి మామూలు దుమ్మే. నిలబడటం నేర్చుకుంటున్న బిడ్డ ఆ కిటికీ గట్టునే పట్టుకుంటాడు, ఆ చేతినే నోట్లో పెట్టుకుంటాడు. సీసం ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదనే మోతాదు లేదు, పోయిన తెలివిని తిరిగి తెచ్చే మందూ లేదు.

పాత అద్దె ఇళ్లలో సీసం తనిఖీని న్యూజెర్సీ 2021 చట్టంతో తప్పనిసరి చేసింది. అద్దె ఇంటి బిడ్డకు దొరికిన రక్షణ కొన్న ఇంటి బిడ్డకు ఎందుకు ఉండకూడదు? వృద్ధ యజమానులకు ఖర్చు భారమన్న మాట నిజమే. అమ్మకం సొమ్ము చేతికొచ్చాక చెల్లించే వెసులుబాటు ఇవ్వండి. పరీక్షను మాత్రం ఎత్తేయకండి.

ఈ ముప్పు అమెరికాకే పరిమితం కాదు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటరాదన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు పూసిన తలుపులు, గ్రిల్స్ ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు తిరగేసి మరీ ఇల్లు కొనే మనం రంగు సంగతి అడగం. ఆ ప్రశ్న అమ్మకం ఒప్పందంలోనే ఉండేలా రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు నిబంధన తేవాలి.

అమెరికాలో ఇల్లు చూస్తున్నవారికి ఒక్క మాట: ఏజెంటు ఎంత తొందరపెట్టినా ఆ పది రోజులు వదులుకోవద్దు. లైసెన్సున్న ఇన్‌స్పెక్టరుతో కిటికీలు, తలుపు చట్రాలు, వరండా పరీక్ష చేయించాకే ముందుకు వెళ్లండి.