కార్డులో ఫొటో, జాబితాలో పేరు

ఓటేయడానికి ఫొటో గుర్తింపు తప్పనిసరి చేయాలా అన్న చర్చ 1993లో శేషన్ ఫొటో కార్డులకు ఆదేశించిన నాటినుంచీ నడుస్తోంది. దొంగ ఓట్లు ఆగాలన్న వాదనను నేను తీసిపారేయను. మన ఓటు మరొకరు వేసి పోతే నష్టపోయేది మనమే. అయితే ఈ చర్చంతా పోలింగ్ బూతు గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. స్త్రీల ఓటు పోయేది అంతకు చాలా ముందు, జాబితా తయారయ్యేచోట.

1951-52 తొలి ఎన్నికల్లో తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్యననో కూతురిననో చెప్పుకున్న సుమారు 28 లక్షలమంది స్త్రీలను జాబితాలోంచి తొలగించారు. ఇవాళ పేరు చెప్పడానికి ఎవరూ వెనకాడరు. చిక్కంతా చిరునామాతోనే. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్లే అమ్మాయి, ఎల్బీనగర్‌లో అద్దె పెరిగినప్పుడల్లా ఇల్లు మారే పనిమనిషి, పెళ్లితో ఇంటిపేరూ ఊరూ మారిన కోడలు - వీళ్ల కార్డు ఒకచోట, ఉండేది మరోచోట. కరెంటు బిల్లు, అద్దె కాగితం ఎవరి పేరున ఉంటాయో మనకు తెలియనిదా?

పోలింగ్ నాడు ఓటరు కార్డు లేకపోయినా ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు వంటివి చూపొచ్చు. జాబితాలో పేరే లేకపోతే ఏ ఫొటో పనికిరాదు. 2018 డిసెంబరులో తెలంగాణలో కార్డు చేతబట్టుకుని ఎంతోమంది వెనుదిరిగారు. ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. పోయిన ఓటు మాత్రం పోయినట్టే.

పేరు తీసేముందు నోటీసు ఆ స్త్రీ చేతికే అందాలని మనం పట్టుబట్టాలి. ఇంటి ఓనరునడిగి 'ఖాళీ చేసింది' అని రాసుకుంటే ఒప్పుకోకూడదు. సంఘాలు కూడా ఎన్నికల ప్రకటన దాకా ఆగకుండా, ముసాయిదా జాబితా వచ్చిన వారంలోనే బస్తీల్లో, హాస్టళ్లలో కూర్చుని ఒక్కో పేరూ చదివి వినిపించాలి.