చెవికి చిక్కని తేడా

ఎక్కువ ధర పెట్టి కొన్న వస్తువు మేలైనదిగా తోచడం సహజం. సంగీతం నింపిన డిస్కుల విషయంలో ఈ సహజగుణమే మన చెవులను ఏమారుస్తున్నదని నా అభిప్రాయం.

అందరూ సి.డి. అని పిలిచే కాంపాక్ట్ డిస్కు 1982లో జపానులో మొదటిసారి అమ్మకానికి వచ్చింది. శబ్దం గాలిలో అలలుగా ప్రయాణిస్తుందని మీరు విజ్ఞానశాస్త్రంలో చదువుకున్నారు. సి.డి. కోసం ఆ అల ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్ల సంఖ్యగా రాసి ఉంచుతారు. ఎందుకీ అంకె? మంచి వినికిడి ఉన్న యువకులు సెకనుకు సుమారు 20,000 కంపనాల శబ్దం వరకు వినగలరు. వయసు పెరిగేకొద్దీ ఈ హద్దు తగ్గుతుంది. ఒక శబ్దాన్ని పూర్తిగా పట్టుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ కొలతలు తీస్తే చాలు. కొలతకూ కొలతకూ నడుమ సంగీతం జారిపోతుందని కొందరు బెంగపడతారు. అది అపోహ. యంత్రం ఆ కొలతల నుండి తిరిగి నునుపైన అలనే తయారుచేస్తుంది.

1999లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు సూపర్ ఆడియో సి.డి.ని తెచ్చాయి. అందులో కొలతలు సెకనుకు 28,22,400. ఒక్కొక్కటి మాత్రం ఒక బిట్టే. మరుసటి సంవత్సరం వచ్చిన డి.వి.డి. ఆడియోలో 24 బిట్ల కొలతలు సెకనుకు 1,92,000 వరకు ఉండవచ్చు. అంకెలు చూస్తే కళ్ళు జిగేలుమంటాయి. వినవలసినవి చెవులు కదా!

అమెరికాలోని బోస్టన్‌లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఆ చెవులనే అడిగి చూశారు. సూపర్ ఆడియో వంటి డిస్కుల సంగీతాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి సి.డి. స్థాయికి కుదించే పరికరం గుండా వినిపించారు. ఏది ఏదో శ్రోతలకు చెప్పలేదు. రెండింటి బిగ్గరతనాన్ని సమానంగా ఉంచారు. (ఇది చిన్న విషయమనుకోకండి. కాస్త బిగ్గరగా వినిపించేదే బాగున్నదని ఎవరైనా పొరపడతారు.) 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 554 ప్రయత్నాలలో సరైన జవాబులు 276. నాణెం ఎగరవేసి చెప్పినా ఇంతే వచ్చేది! మామూలు కన్నా చాలా బిగ్గరగా పెట్టి, నిశ్శబ్దమైన భాగాలను విన్నప్పుడు మాత్రమే సి.డి. స్థాయిలోని సన్నని రొద బయటపడింది.

మరి ఖరీదైన డిస్కులు బాగున్నాయనేవారంతా అబద్ధమాడుతున్నారా? లేదు. వాటిలో చాలావాటిని నిజంగానే శ్రద్ధగా తయారుచేశారని ఆ ఇద్దరే ఒప్పుకున్నారు. ఎన్నో మామూలు సి.డి.లకు ఆ శ్రద్ధ కరువైంది. ఇతరుల పాట కన్నా తమ పాట గట్టిగా మోగాలనే పోటీలో మెల్లని స్వరాలను పెంచి, గట్టి స్వరాల శిఖరాలను నరికేశారు. 2008లో వెలువడిన మెటాలికా బృందం వారి 'డెత్ మాగ్నెటిక్' ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. అవే పాటలు ఒక వీడియో ఆటలో ఇంతకంటె శుభ్రంగా వినిపిస్తున్నాయని అభిమానులే ఫిర్యాదు చేశారు. సుమారు 96 డెసిబెల్ల హెచ్చుతగ్గులను ఇముడ్చుకోగల డిస్కులో కొద్ది డెసిబెల్లలోనే సంగీతమంతా కుక్కితే, తప్పు డిస్కుదా?

2016లో లండన్‌లో జాషువా రీస్ ఇటువంటి 18 పరిశోధనల ఫలితాలను కలిపి చూసినప్పుడు సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. శిక్షణ పొందినవారు మరికొంత మెరుగు. కాబట్టి తేడా బొత్తిగా లేదని నేను వాదించను. అంత సన్నని తేడా కోసం కొత్త యంత్రమూ, కొత్త డిస్కులూ కొనడం మాత్రం నాకు సమ్మతం కాదు. 24 బిట్లు నిజంగా అక్కరకు వచ్చేది రికార్డింగు గదిలో. గాయకుడు ఎప్పుడు గొంతు పెంచుతాడో ముందుగా తెలియదు. అందుచేత అక్కడి సాంకేతిక నిపుణుడు శబ్దస్థాయిని తగ్గించి పెట్టుకుంటాడు. తరువాత దానిని పెంచినప్పుడు రొద కూడా పైకి రాకుండా ఆ అదనపు బిట్లు కాపాడతాయి. పాట డిస్కులోకి ఎక్కేసరికి వాటి పని ముగిసిపోయి ఉంటుంది.