పేగు పొరను పట్టి ఉంచే దారాలు

పెళ్ళింట షామియానా వేసేవారిని గమనించండి. గుడ్డల అంచులను ఎంత గట్టిగా కుట్టినా అది చాలదు. నలువైపులా తాళ్ళను సమానంగా లాగి కట్టాలి. తాడును అతిగా లాగితే కుట్టు విచ్చుకుంటుంది. తాడు తెగితే గుడ్డ కుంగిపోతుంది. మన పేగు లోపలి పొర కూడా ఇలాంటి ఏర్పాటుతోనే నిలిచి ఉంది.

ఆ పొర మందం ఒకే ఒక్క కణం. దీనినే ఉపకళ అంటారు. దానికి ఒకవైపు ఆహారం, అసంఖ్యాకమైన సూక్ష్మజీవులు, మరోవైపు రక్తనాళాలు. పక్కపక్క కణాలను కుట్లవలె బంధించేవి కొన్ని ప్రోటీన్లు. వాటిలో ఆక్లూడిన్‌ను 1993లో, క్లాడిన్‌ను 1998లో జపాన్ శాస్త్రజ్ఞుడు షోయిచిరో త్సుకితా బృందం గుర్తించింది. 'మూయుట' అనే అర్థంగల లాటిన్ మాట నుండి క్లాడిన్‌కు ఆ పేరు వచ్చింది.

అయితే ఈ కుట్లకు లోపలి నుండి ఆధారం కావాలి. ప్రతి కణంలోనూ సన్నని దారాల అల్లిక ఒకటి ఉంటుంది. అదే కణాస్థిపంజరం. అందులోని యాక్టిన్ దారాలు కణం పైభాగాన నడికట్టువలె చుట్టుకొని కుట్లను పట్టి ఉంచుతాయి. మయోసిన్ అనే ప్రోటీన్ వాటిని తగినంతగా బిగిస్తుంది. పేగు వాచినప్పుడు ఈ బిగింపు మితిమీరి అతుకులు వదులవుతాయి.

మరి దారాలే చెదిరిపోతే? క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా చేసే పని అదే. 1935లో దీనిని ఆరోగ్యవంతులైన పసికందుల మలంలో కనుగొన్నారు. అందువల్ల చాలాకాలం దీనిని ఎవరూ అనుమానించలేదు. యాంటీబయాటిక్ మందుల తరువాత కొందరికి వచ్చే తీవ్రమైన పేగువాపుకు ఇదే కారణమని 1978లో తేలింది. ఆ మందులు పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులను కూడా చంపుతాయి. ఖాళీ అయిన చోట ఇది పెరిగి, విషాలను విడుదల చేస్తుంది.

ఆ విషం కణంలోకి ప్రవేశించి, అక్కడి గ్లూకోజును తీసి 'రో' అనే ప్రోటీన్‌కు అంటిస్తుంది. యాక్టిన్ దారాలను అదుపు చేసేది ఈ 'రో'యే. అది పనిచేయడం మానగానే దారాలు చెదిరిపోతాయి, కణం ముడుచుకొని గుండ్రమవుతుంది, అతుకులు తెరుచుకుంటాయి. ఫలితంగా నీళ్ళ విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం. వృద్ధులకు ఇది ప్రాణాంతకం కూడా కావచ్చు.

కనుక ఇంటిపెద్దలు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. జలుబు వైరస్ వల్ల వస్తుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. పాత చీటీ చూపి మందుల దుకాణంలో వాటిని కొనకండి. వైద్యుడు అవసరమని రాసిస్తే మాత్రం ఆయన చెప్పినట్లే వాడాలి. భయపడి మధ్యలో ఆపవద్దు. మందులు వాడే రోజుల్లోగాని, ఆ తరువాత కొన్ని వారాలలోగాని రోజుకు మూడుసార్లకు మించి నీళ్ళ విరేచనాలైతే ఆ సంగతి వైద్యునికి చెప్పండి. విరేచనాలు కట్టే మాత్రలు సొంతంగా వేసుకోకండి. రోగికి సేవచేసేవారు సబ్బుతో, నీటితో చేతులు కడుక్కోవాలి. ఈ బ్యాక్టీరియా బీజాలు ఆల్కహాల్ శానిటైజర్‌కు చావవు.

పేగు పొర నాలుగైదు రోజులకొకసారి కొత్త కణాలతో తననుతాను పునర్నిర్మించుకుంటుంది. అంత శ్రమపడే పొరకు మన చేజేతులా హాని తలపెట్టకుండా ఉంటే చాలు.