నెలనెలా చందా, పూటపూటా మారే నాణెం

మన పత్రికకు చందా కట్టినట్లే ఇప్పుడు కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌కూ నెలనెలా చందా కడుతున్నారు. బెంగుళూరు, చెన్నై, పూణేలలో స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు కొందరు ఇటువంటి సాఫ్ట్‌వేర్ తయారుచేసి విదేశాలకు అమ్ముతున్నారు. "బిట్‌కాయిన్‌లో చెల్లిస్తాం, తీసుకుంటారా?" అని అక్కడి ఖాతాదారు అడిగితే, సరేననే ముందు మూడు సంగతులు తెలుసుకోవాలి.

మొదటిది చందా పద్ధతి. బ్యాంకు కార్డుకు ఖాతాదారు ఒక్కసారి అనుమతిస్తే చాలు, గడువు రాగానే సొమ్ము మన ఖాతాకు వస్తుంది. బిట్‌కాయిన్‌ను మాత్రం ప్రతిసారీ ఆయనే పంపాలి. మరచిపోతే చందా ఆగినట్లే. కాబట్టి ఏడాది చందా ఒకేసారి తీసుకోవడం మేలు. వాపసు ఇవ్వవలసి వస్తే ఏ రోజు ధర ప్రకారం ఇస్తారో ముందే రాసిపెట్టాలి.

రెండవది ధర. కంప్యూటర్ ఆటలు అమ్మే అమెరికా అంగడి స్టీమ్ 2016లో బిట్‌కాయిన్ తీసుకోవడం మొదలుపెట్టి, 2017 డిసెంబరులో మానేసింది. మొదట్లో ఒక్కో చెల్లింపుకు సుమారు 20 సెంట్లున్న రుసుము దాదాపు 20 డాలర్లకు పెరిగింది. సొమ్ము చేరేలోగా ధర మారితే, ఆ తేడా చెల్లించడానికి మళ్ళీ రుసుము! డాలరుతో ముడిపెట్టిన యూఎస్‌డీసీ వంటి నాణేలతో ఈ హెచ్చుతగ్గుల బాధ చాలావరకు తప్పుతుంది.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మన చట్టం. క్రిప్టో వ్యవహారాలకు బ్యాంకులు సేవలందించరాదని రిజర్వు బ్యాంకు 2018లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చిలో కొట్టివేసింది. అంతమాత్రాన క్రిప్టో మన దేశంలో చెల్లుబాటయ్యే డబ్బు కాలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి దాని మీది లాభానికి 30 శాతం పన్ను ఉంది. నష్టం వస్తే మరో ఆదాయంలోంచి తగ్గించుకోనివ్వరు. డాలరు నాణేనికీ ఇదే లెక్క.

జీఎస్టీ సంగతి ఇంకా గట్టిది. విదేశాలకు అమ్మిన సేవ మీద పన్ను భారం ఉండకూడదంటే, సొమ్ము విదేశీ ద్రవ్యంలో గాని, రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయలలో గాని రావాలి. క్రిప్టో ఈ రెండూ కాదు. అప్పుడు 18 శాతం పన్ను, అంటే లక్ష రూపాయల బిల్లుకు 18,000, మన పిల్లల చేతినుంచే పోయే ప్రమాదం ఉంది. చిన్న వ్యాపారానికి వచ్చే లాభమే అంత ఉండకపోవచ్చు.

కనుక ఖాతాదారునే ఆ నాణెం అక్కడ మార్చుకుని, బ్యాంకు ద్వారా డాలర్లు పంపమనడం అన్నిటికన్నా క్షేమం. పిల్లలు కొత్త మాట చెప్పినప్పుడు పెద్దలు కసురుకోనక్కరలేదు. బిల్లు ఏ ద్రవ్యంలో వేశారు? వచ్చిన నాణెం ఏ రోజు మారుస్తారు? ఆడిటర్ రాతపూర్వకంగా ఏమన్నారు? ఈ మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు సిద్ధంగా ఉంటే ఆశీర్వదించండి. లేకుంటే ముందు ఆడిటర్ దగ్గరకు పంపండి.